గోడకి అంటించిన పసుపు కాగితాలు, వాటికొచ్చే డాలర్లు
(కమ్యూనిటీ రేడియో ప్రసంగ పాఠం)

కాలేజీ ఫీజుల గురించి ఇదే కార్యక్రమంలో మాట్లాడుకున్న తరవాత చాలామంది ఉత్తరాలు రాశారు. అందులో ఒక తల్లి రాసినది మీకు వినిపిస్తాను. "మా అమ్మాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం. ఈ సెమిస్టరు ఒక క్లాసులో అసలు పుస్తకమే లేదట. నలుగురైదుగురు కలిసి గోడకి పసుపు కాగితాలు అంటిస్తారట. దానికి యూనివర్సిటీ వాళ్లు ఐదు వేల డాలర్లు కూడా ఇచ్చారట. ఇది చదువేనా? ఆ డబ్బు ఎవరిది? రేపు మేము తిరిగి కట్టాలా?"

మూడో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను, పాపం ఆవిడ నిద్రపోవాలి కదా. కట్టక్కర్లేదమ్మా. అది గ్రాంటు, అప్పు కాదు. మిగతా రెండు ప్రశ్నలకే ఈవేళ నేను మాట్లాడబోయేది.

నేను ఐటీ కన్సల్టెంటుని. ఎమ్మెస్ ఇక్కడే, మిడ్‌వెస్ట్‌లోనే చేశాను. నాలుగేళ్లుగా మా ఊరి దగ్గర ఒక యూనివర్సిటీలో విద్యార్థుల జట్లకి మెంటరుగా వెళుతున్నాను. ఇలాంటి చిన్న గ్రాంట్ల దరఖాస్తులు చదివే కమిటీలో బయటి సభ్యుడిగా కూడా కూర్చుంటాను. అంటే ఆ పసుపు కాగితాలకి డబ్బు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో కాస్త దగ్గరగా చూశానన్నమాట.

ఆ క్లాసులో చెప్పేదాన్ని డిజైన్ థింకింగ్ అంటారు. పేరు పెద్దది గానీ సంగతి చిన్నదే. వస్తువు తయారు చెయ్యబోయే ముందు దాన్ని వాడే మనిషి దగ్గరికి వెళ్లి కూర్చోవాలి, చూడాలి, వినాలి. అట్ట ముక్కలతోనో కాగితంతోనో ఒక నమూనా చేసి చేతికివ్వాలి. బాగాలేదంటే పారేసి మళ్లీ చెయ్యాలి. ఇది ఒక్క ఇంజనీరు వల్ల అయ్యే పని కాదు కాబట్టి నర్సింగు వాళ్లనీ, బిజినెస్ వాళ్లనీ, బొమ్మలేసే వాళ్లనీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెడతారు. ఎవరికి తోచింది వాళ్లు కాగితం మీద రాసి గోడకి అంటిస్తే, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే నెగ్గే ప్రమాదం కొంత తగ్గుతుంది. మన ఇళ్లల్లో పెళ్లి పనులు మాట్లాడుకునేటప్పుడు ఇలాంటి కాగితాలుంటే ఎంత బాగుండునో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

నిజంగా జరిగిన ఒక కథ చెబితే ఇది తేలిగ్గా బోధపడుతుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో, బీదవాళ్లకి అందుబాటులో ఉండే వస్తువుల తయారీ మీద ఒక కోర్సు ఉంది. 2007లో అందులో ఒక జట్టుకి ఇచ్చిన పని ఏమిటంటే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇన్‌క్యుబేటరుని మామూలు ధరలో నూరో వంతుకి తయారు చెయ్యడం. మామూలు ఇన్‌క్యుబేటరు ధర ఇరవై వేల డాలర్ల దాకా ఉంటుంది. ఇంజనీరు బుర్రకి వెంటనే తట్టేది ఏమిటి? అందులో భాగాలు తగ్గించి చవగ్గా చెయ్యడం. కానీ ఆ జట్టులో ఒకతను నేపాల్ వెళ్లి ఆసుపత్రి చూశాడు. అక్కడ దానంగా వచ్చిన ఇన్‌క్యుబేటర్లు ఖాళీగా పడి ఉన్నాయి. పిల్లలు పుడుతున్నది ఎక్కడో కొండల్లో, పల్లెల్లో. ఆసుపత్రి దాకా వచ్చేలోపే చలికి ప్రాణం పోతోంది. అంటే కావలసింది ఆసుపత్రిలో పెట్టుకునే చవక పెట్టె కాదు, ఇంట్లో తల్లి చేతిలో ఉండే వస్తువు. అలా పుట్టిందే ఎంబ్రేస్ అనే చిన్న సంచి. పిల్లలు పడుకునే గుడ్డ సంచీలాగే ఉంటుంది. లోపల మైనం లాంటి పదార్థం ఉన్న తిత్తి ఒకటి పెడతారు. దాన్ని వేడి చేసి పెడితే కొన్ని గంటలపాటు పసిబిడ్డ ఒంటికి తగిన వేడి నిలకడగా ఉంటుంది, కరెంటుతో పని లేదు.

ఆ జట్టు 2008లో సంస్థ పెట్టి బెంగుళూరుకి మకాం మార్చింది. అక్కడ వాళ్లకి ఎదురైన సంగతి ఒకటి నాకు బాగా నచ్చింది. నమూనా మీద వేడి ఎంతుందో చూపించే అంకెలుండేవి. ఒక పల్లెలో ఒక తల్లిని, దీన్ని ముప్పయ్యేడు డిగ్రీలకి పెట్టమంటే ఎంతకి పెడతావమ్మా అని అడిగితే, ముప్పయ్యికి పెడతానందిట. ఎందుకని? ఇంగ్లీషు వైద్యం మరీ ఘాటు, పసిబిడ్డకి అంత అక్కర్లేదు అని! మన అమ్మమ్మలు "ఇంగ్లీషు మందు వేడి చేస్తుందే" అని మాత్ర సగానికి విరిచి వేసుకుంటారు చూడండి, అచ్చం అదే. వాళ్లు ఆ అంకెలు తీసేసి, సరిపోయింది, సరిపోలేదు అని మాత్రమే చూపించేలా మార్చారు. ఆ తల్లి దగ్గరికి వెళ్లి కూర్చోకపోతే ఎంత మంచి ఇంజనీరుకైనా ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఇక రెండో ప్రశ్న, డబ్బు ఎవరిదన్నది. ఇది ఒక్క చోట నుంచి రాదు. ఎక్కడినుంచి వచ్చిందన్న దాన్ని బట్టి దాని షరతులు మారతాయి. అన్నిటికంటే పెద్ద మొత్తాలు దాతలవి. స్టాన్‌ఫర్డ్‌లో డి-స్కూల్ అని అందరూ పిలిచే సంస్థకి 2005లో శాప్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన హాసో ప్లాట్నర్ 35 మిలియన్ డాలర్లు ఇచ్చారు. మనలో సగం మందికి ఆ శాప్ పుణ్యమా అనే ఇక్కడ ఉద్యోగాలొచ్చాయి కాబట్టి ఆ పేరు మీకు కొత్త కాదు. దాన్ని మొదలుపెట్టడంలో ముఖ్యుడు డేవిడ్ కెల్లీ, ఐడియో అనే డిజైన్ సంస్థని స్థాపించినాయన. 2007లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో కూడా ప్లాట్నర్ పేరుతో ఉన్న సంస్థలో ఇలాంటి బడే తెరిచారు. ఇలాంటి డబ్బుతో భవనాలొస్తాయి, ఉపాధ్యాయులొస్తారు. ఒక్కొక్క జట్టు చేతికి వచ్చేది మాత్రం చిన్న చిన్న మొత్తాలే.

కొన్ని కోర్సుల్లో కంపెనీలే సమస్య తెచ్చి, దానికి డబ్బు కడతాయి. స్టాన్‌ఫర్డ్‌లోనే ఎంఈ-310 అని మెకానికల్ ఇంజనీరింగులో దశాబ్దాలుగా నడుస్తున్న కోర్సు ఇలాంటిదే. ఇక్కడి జట్టుతో వేరే దేశపు యూనివర్సిటీ జట్టు కలిసి ఏడాది పాటు ఒక కంపెనీ సమస్య మీద పనిచేస్తుంది. ప్రభుత్వపు డబ్బు ఇంకో రకం. పర్యావరణ సంస్థ ఈపీఏ 2004లో పీ-3 అనే విద్యార్థుల డిజైన్ పోటీ మొదలుపెట్టినప్పుడు మొదటి విడతకి పది వేలు, గెలిచిన వాళ్లకి రెండో విడతలో డెబ్బయ్యైదు వేలు ఇచ్చేది. ఫౌండేషన్ల సొమ్ము కూడా ఉంది. లెమెల్సన్ ఫౌండేషన్ మద్దతుతో 1995లో మొదలైన సంస్థ ఒకటి, ఇప్పుడు వెంచర్‌వెల్ అంటారు, విద్యార్థి జట్లకి విడతలవారీగా గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. ఇవన్నీ కాక ప్రతి యూనివర్సిటీలోనూ ప్రొవోస్టు ఆఫీసు దగ్గరో, డీను దగ్గరో, విద్యార్థుల ఫీజులోంచి తీసిన నిధిలోనో వెయ్యి నుంచి పది వేల దాకా ఇచ్చే చిన్న గ్రాంట్లుంటాయి. ఆ తల్లి రాసిన ఐదు వేలు బహుశా ఈ చివరి రకమే. మన పిల్లలకి ఎక్కువగా దొరికేదీ ఇదే, తల్లిదండ్రులకి అన్నిటికంటే తక్కువ తెలిసేదీ ఇదే.

ఇంతవరకు వింటే బాగానే ఉంది కదా. ఇప్పుడు నాకు దగ్గరగా తెలిసిన జట్టు గురించి చెబుతాను. డబ్బు వచ్చాక అసలు కష్టం ఎక్కడ మొదలవుతుందో అందులో కనిపిస్తుంది.

మా ఊళ్లో ఇన్సూరెన్సు లేనివాళ్ల కోసం శనివారాలు నడిచే ఉచిత క్లినిక్ ఒకటుంది. మన దేశం నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు చాలామంది అక్కడికి వస్తారు. బీపీ, షుగరు, థైరాయిడు. సీసా మీద ఇంగ్లీషులో చీమ తలకాయలంత అక్షరాలు. పొద్దున వేసుకోవలసినది రాత్రి వేసుకునేవాళ్లు, ఒకటే మందు రెండు సీసాల్లోంచి రెండుసార్లు వేసుకునేవాళ్లు. నర్సింగు ప్రొఫెసరు ఒకావిడ ఈ సమస్య మీద ఐదుగురు విద్యార్థుల జట్టు కట్టారు. ఇద్దరు నర్సింగు, ఒకమ్మాయి గ్రాఫిక్ డిజైన్, ఇద్దరు కంప్యూటర్ సైన్సు. ఆ ఇద్దరిలో ఒకతను ఖమ్మం నుంచి వచ్చిన ఎమ్మెస్ కుర్రాడు. యూనివర్సిటీ లోపలి నిధి నుంచి ఐదు వేల డాలర్లు వచ్చాయి.

దరఖాస్తులో వాళ్లు రాసుకున్నది ఏమిటంటే, సెన్సర్లు పెట్టిన మాత్రల డబ్బా చేస్తాం, దానికి ఫోనులో ఆప్ రాస్తాం అని. 2,800 డాలర్లు సెన్సర్లకి, బోర్డులకి, త్రీడీ ప్రింటింగుకి. 600 సాఫ్ట్‌వేరుకి. మిగతాది పోస్టర్లకి, ఒక కాన్ఫరెన్సుకి. మనుషులతో మాట్లాడటానికి పెట్టుకున్నది సున్నా. నేను చదివిన దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. పిల్లల తప్పేమీ లేదు. ఫారంలోనే "పరికరాలు", "సామగ్రి", "ప్రయాణం" అని గళ్లుంటాయి గానీ "వినడానికి" అనే గడి ఉండదు.

తరవాత వాళ్లు ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టారు. ఒకింట్లో తెనాలి నుంచి వచ్చిన మామ్మగారు ఉన్నారు. మీ మందులు ఎక్కడ పెట్టుకుంటారు మామ్మగారూ అని ఈ అబ్బాయి అడిగితే, ఆవిడ లేచి వెళ్లి స్టీలు పోపుల డబ్బా తెచ్చారు. మూత తీస్తే ఏముంది, ఆవాలు, జీలకర్ర ఉండాల్సిన గిన్నెల్లో మాత్రలు! ఒక గిన్నె పొద్దున, ఒక గిన్నె మధ్యాహ్నం భోజనం తరవాత, ఒక గిన్నె రాత్రి. ఏ మాత్ర ఏ గిన్నెలో అన్నది రంగుని బట్టి. "తెల్లది గుండ్రంగా ఉండేది పొద్దున నాయనా, గులాబీది రాత్రికి" అని గడగడా చెప్పారు. ఆవిడకి చదువు రాక కాదు, కళ్లు సరిగ్గా ఆనక.

మరి ఇబ్బంది ఎక్కడొచ్చింది? ఇక్కడ జెనెరిక్ మందులు ఒక్కో నెల ఒక్కో కంపెనీవి వస్తాయి. మందు అదే, మాత్ర రంగూ ఆకారమూ మారిపోతాయి. పోయిన నెల తెల్లగా ఉన్నది ఈ నెల పచ్చగా వచ్చేసరికి ఆవిడ అది కొత్త మందనుకుని, పాత తెల్లవి మిగిలినవి కూడా కలిపి వేసుకున్నారు. కళ్లు తిరిగి పడ్డారు. అదృష్టం బాగుండి సోఫా మీద పడ్డారు.

ఆ సాయంత్రం గోడ మీద కాగితాలన్నీ మారిపోయాయి. సెన్సరూ వద్దు, ఆప్ వద్దు. రంగు మారినప్పుడు "మందు అదే, రూపం మారింది, పాతవి పక్కన పెట్టండి" అని తెలుగులో, హిందీలో, స్పానిష్‌లో పెద్ద అక్షరాలతో ఒక స్టిక్కరు. పక్కన పాత మాత్ర బొమ్మ, కొత్త మాత్ర బొమ్మ. పొద్దున్నకి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, భోజనం తరవాత అనడానికి కంచం. కంచం బొమ్మకి ఫోర్కూ కత్తీ పెడితే ఎవరికీ అర్థం కాలేదు. అన్నం ముద్ద పెట్టిన కంచం గీశాక అర్థమైంది. ఇలా ఏడుసార్లు మార్చారు. చివరికి ఒక్కొక్క స్టిక్కరు ముద్రించడానికి అయ్యేది కొన్ని సెంట్లు.

ఇప్పుడు లెక్క చూడండి. వాళ్ల దగ్గర సెన్సర్లకి 2,800 డాలర్లున్నాయి, వాటితో పని లేదు. కావలసినవి ఏమిటి? ఇళ్లకి తిరగడానికి బస్సు, కారు ఖర్చులు. స్పానిష్ మాట్లాడే దుబాసీకి గంటకింత. గంటన్నరసేపు ఓపిగ్గా మాట్లాడిన ప్రతి పెద్దమనిషికీ పాతిక డాలర్ల గిఫ్టు కార్డు. వీటిలో ఏ ఒక్కటీ బడ్జెట్‌లో లేదు. ఒక గడిలో డబ్బు ఇంకో గడిలోకి మార్చాలంటే అనుమతి కావాలి. మనుషులకి గిఫ్టు కార్డు ఇవ్వాలంటే మనుషుల మీద పరిశోధన చూసే కమిటీ అనుమతి వేరు. ఈ రెండూ వచ్చేసరికి ఐదు వారాలు పట్టింది. ఈలోగా గ్రాఫిక్ డిజైన్ అమ్మాయి తన క్రెడిట్ కార్డు మీద నాలుగు వందల డాలర్ల దాకా ఖర్చు పెట్టింది. ఆ డబ్బు వెనక్కి రావడానికి ఇంకో రెండు నెలలు. ఆఖరికి జూన్ ముప్పయ్యిన, యూనివర్సిటీ ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి, పదకొండు వందల డాలర్లు వాడకుండానే వెనక్కి పోయాయి. ప్రొఫెసరుగారు సెన్సర్లు కొని పారేస్తే లెక్క సరిపోయేది. ఆవిడ కొనలేదు, ఆవిడంటే నాకందుకే గౌరవం.

దీనికి వేరే దారి లేదా అంటే ఉంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో ఐ-కోర్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. విద్యార్థి ఒకరు, ప్రొఫెసరు ఒకరు, అనుభవం ఉన్న మెంటరు ఒకరు, ముగ్గురి జట్టుకి యాభై వేల డాలర్లు. షరతు ఏమిటో తెలుసా? కొన్ని వారాల్లో సుమారు వంద మందిని స్వయంగా కలిసి మాట్లాడాలి. అంటే వినడానికే డబ్బు ఇస్తున్నారన్నమాట. అంత పెద్ద ప్రభుత్వ సంస్థకి అర్థమైన సంగతి, ఐదు వేల డాలర్లు ఇచ్చే చిన్న కమిటీలకి ఎందుకు ఎక్కదో నాకు బోధపడదు. మా కమిటీలో ప్రతి ఏడూ ఈ మాట అంటూనే ఉన్నాను. పోయినేడాది ఫారంలో "భాగస్వాములకి పారితోషికం" అని ఒక గడి పెట్టించగలిగాం. అంతవరకు నయం.

ఇంకో ముఖ్యమైన విషయం, మన ఇళ్లలో వీసా మీద చదువుతున్న పిల్లలున్న వాళ్లు శ్రద్ధగా వినాలి. ఆ ఖమ్మం కుర్రాడు లేకపోతే ఆ పోపుల డబ్బా బయటపడేదే కాదు. తెలుగులోనూ హిందీలోనూ మాట్లాడినవాడు అతనొక్కడే. జట్టులో మిగతా నలుగురికీ గంటల లెక్కన కొంచెం జీతం ఇచ్చే ఏర్పాటుంది, అతనికి ఇవ్వలేమన్నారు. ఎందుకంటే ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టరు జరుగుతుండగా క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకి మించి పని చెయ్యకూడదు. అతను అప్పటికే పేపర్లు దిద్దే పనిలో ఇరవై గంటలూ వాడేస్తున్నాడు. పోనీ ఊరికే చేస్తానన్నాడు. పక్కవాళ్లకి జీతం ఇచ్చే పనిని ఇతను ఉచితంగా చేస్తే అదీ చిక్కే. క్రెడిట్ల కింద చెయ్యమంటే, ఆ మూడు క్రెడిట్లకీ బయటి రాష్ట్రం రేటు ఫీజు అతనే కట్టాలి! పని చేసి ఎదురు డబ్బు కట్టడమన్నమాట.

"అన్నా, నేను తప్పుకుంటాలే, నావల్ల ప్రాజెక్టు ఆగొద్దు" అన్నాడు నాతో ఒకరోజు ఫోనులో. వాళ్ల నాన్నగారు పొలం తాకట్టు పెట్టి పంపించారు, ఆ ఇరవై గంటల జీతం మీదే అతని అద్దె నడుస్తోంది. సరదాకి చేసే త్యాగాలు కావు ఇవి. చివరికి అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో కూర్చుని తేల్చింది ఏమిటంటే, పేపర్లు దిద్దే గంటలు పన్నెండుకి తగ్గించుకుని, మిగతా ఎనిమిదీ ఈ ప్రాజెక్టు కింద చూపించడం. రెండూ యూనివర్సిటీలోపలి పనులే, మొత్తం ఇరవై దాటలేదు. ఇంత సులువైన జవాబుకి ఆరు వారాలు పట్టింది, ఎందుకంటే మొదట అడిగిన ముగ్గురికీ ఈ నిబంధన గురించి తెలియదు. ఆ ఆఫీసులో ఆవిడకి ఐదు నిమిషాల్లో తెలిసింది. కాబట్టి జట్టులో పేరు ఇచ్చే రోజే అక్కడికి వెళ్లి అడగమనండి. మెంటరు మాటా వద్దు, సీనియర్ల మాటా వద్దు, వాట్సాప్ గ్రూపు మాట అసలే వద్దు.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వేసవిలో అండర్‌గ్రాడ్లకి ఇచ్చే ఆర్ఈయూ స్టైపెండులు పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఎస్‌బీఐఆర్ గ్రాంటుకి వెళ్లాలంటే కంపెనీలో సగానికి పైగా వాటా సాధారణంగా పౌరులదో, శాశ్వత నివాసులదో అయి ఉండాలి. ప్రాజెక్టు సామగ్రికి యూనివర్సిటీ పెట్టే ఖర్చు విద్యార్థి ఆదాయం కాదు గానీ, చేతికి ఇచ్చే స్టైపెండు మీద పన్ను ఉంటుంది. నాన్‌రెసిడెంట్ విద్యార్థులకి పన్ను పడే స్కాలర్‌షిప్పు మీద సాధారణంగా పద్నాలుగు శాతం ముందే పట్టుకుంటారు. యూనివర్సిటీ సొంత నిధులకి మాత్రం ఇన్ని కట్టుబాట్లుండవు. అందుకే మన పిల్లలకి అవి ముఖ్యమని ఇందాక అన్నాను. ఇది కొత్త సంప్రదాయమేమీ కాదు. ఎంఐటీలో 1969లోనే మార్గరెట్ మెక్‌వికర్ అనే ఆవిడ అండర్‌గ్రాడ్లు ప్రొఫెసర్లతో కలిసి పరిశోధన చేసే యూరోప్ అనే పథకం మొదలుపెట్టారు. జీతం కావాలా, క్రెడిట్ కావాలా అన్నది విద్యార్థి ఎంచుకోవచ్చు. యాభై ఏళ్ల తరవాత కూడా చాలాచోట్ల ఈ ఎంపిక విద్యార్థికి దొరకడం లేదు.

తయారైన వస్తువు ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. తండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే, "మావాడు కనిపెడితే పేటెంటు ఎవరికి?" అని. 1980లో వచ్చిన బే-డోల్ చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధనలో కనిపెట్టినవాటిని యూనివర్సిటీలు సొంతం చేసుకోవచ్చు. కంపెనీ డబ్బు కట్టిన ప్రాజెక్టయితే ముందే సంతకం పెట్టిన కాగితంలో ఏముంటే అది. క్లాసులో సొంతంగా చేసినదైతే చాలాచోట్ల విద్యార్థిదే. కానీ అన్నిచోట్లా ఒకేలా లేదు. మిస్సోరీ యూనివర్సిటీలో 2009లో ఒక పోటీ కోసం కొందరు విద్యార్థులు ఐఫోను ఆప్ తయారు చేశారు. అది లక్షల్లో డౌన్‌లోడ్ అయ్యేసరికి, మాకూ వాటా ఉందని యూనివర్సిటీ అంది. తరవాత వెనక్కి తగ్గి, పోటీల్లోనూ సొంత చొరవతోనూ చేసినవి విద్యార్థులవేనని విధానమే మార్చుకుంది. మనవాళ్లకి ఒక అలవాటుంది, కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టేస్తాం, తరవాత లాయరుని వెతుక్కుంటాం. ఆ కాగితం రెండు పేజీలే ఉంటుంది, చదవమనండి.

అయితే నా మట్టుకు పేటెంటు కంటే పెద్ద సమస్య ఇంకోటి. సెమిస్టరు పదిహేను వారాలు, మామ్మగారి బీపీ పదిహేను వారాల్లో తగ్గదు. మే నెలలో పిల్లలు పోస్టరు పెడతారు, చప్పట్లు కొడతారు, ఫొటోలు తీసుకుంటారు, ఎవరి దారిన వాళ్లు ఇంటర్న్‌షిప్పులకి వెళ్లిపోతారు. ఆగస్టులో క్లినిక్‌లో స్టిక్కర్లు అయిపోతే ఫైలు ఎవరి దగ్గరుంది? ఈ క్లినిక్‌లోనే అంతకు ముందు వచ్చిన ఇంకో జట్టు ఒక టాబ్లెట్ ఇచ్చి వెళ్లింది, రోగుల వివరాలు రాసుకోవడానికి. దాని పాస్‌వర్డు తెలిసిన అమ్మాయి గ్రాడ్యుయేటయి సియాటిల్ వెళ్లిపోయింది. ఇప్పుడు దాన్ని తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకుంటున్నారు. తమాషాకి చెప్పడం లేదు, నా కళ్లతో చూశాను.

ఈ విషయంలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు చేసినది నాకు అన్నిటికంటే నచ్చుతుంది. 1995లో లియా జేమీసన్, ఎడ్వర్డ్ కోయల్ అనే ఇద్దరు ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ప్రొఫెసర్లు ఎపిక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఉండే సేవా సంస్థలతో విద్యార్థి జట్లని కలపడం దాని పని. కిటుకు ఎక్కడుందంటే, జట్టు సెమిస్టరుతో అయిపోదు. మొదటి సంవత్సరం పిల్లల నుంచి ఆఖరి సంవత్సరం వాళ్ల దాకా ఒకే జట్టులో ఉంటారు. ఒకే విద్యార్థి చాలా సెమిస్టర్లు కొనసాగవచ్చు. పెద్దవాళ్లు వెళ్లిపోతుంటే చిన్నవాళ్లకి పని తెలిసే ఉంటుంది. మన ఉమ్మడి కుటుంబాల్లో వంట ఎవరూ రాసి పెట్టలేదు, అయినా ఎక్కడా ఆగలేదు కదా, అలాగన్నమాట. 2005లో దీనికి నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ వారి గోర్డన్ ప్రైజు వచ్చింది. ఆ తరవాత చాలా యూనివర్సిటీలు ఈ పద్ధతిని తీసుకున్నాయి. మీ పిల్లలు కాలేజీలు ఎంచుకునేటప్పుడు, క్యాంపస్ టూర్‌లో భోజనశాల ఎలా ఉందని అడుగుతారు చూడండి, అప్పుడే ఇదీ అడగండి: ఇక్కడ ప్రాజెక్టు జట్లు ఒక సెమిస్టరువా, ఏళ్ల తరబడి నడిచేవా అని.

మన ఊరికి ఏదైనా చెయ్యాలన్న కోరికతో వచ్చే దరఖాస్తులు కూడా నాకు తగులుతుంటాయి. "మా తాతగారి ఊళ్లో నీళ్ల ఫిల్టరు" అని ఒక అబ్బాయి, "మా అమ్మమ్మ వాళ్ల మండలంలో బడి" అని ఒక అమ్మాయి. ఉద్దేశం మంచిదే, నేను ఆపను. కానీ విమానం టిక్కెట్టుకి రెండు వేలు, పది రోజుల ఉండటం, ఒక ప్రారంభోత్సవం, రిబ్బను. ఆ తరవాత ఫిల్టరులో గుడ్డ ఎవరు మారుస్తారు? ఎంఐటీలో ఏమీ స్మిత్ అనే ఆవిడ నడిపిన డీ-లాబ్ ఈ విషయంలో నమూనా. 2002లో హైతీ దేశం మీద ఒక క్లాసుగా మొదలైంది. అక్కడ అడవులు తరిగిపోయి వంటచెరకు లేక అవస్థ పడుతుంటే, చెరకు పిప్పితో బొగ్గు చేసే పద్ధతిని అక్కడివాళ్లతో కలిసి, అక్కడ దొరికే డ్రమ్ముతోనే చేసేలా తయారు చేశారు. మనదేశంలోనూ ఇప్పుడు దారులున్నాయి. నీతి ఆయోగ్ 2016 నుంచి బడుల్లో అటల్ టింకరింగ్ లాబ్‌లు పెట్టిస్తోంది, ఒక్కొక్క బడికి ఇరవై లక్షల రూపాయల దాకా గ్రాంటు. మీ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో అలాంటిది ఉంటే, అక్కడి సైన్సు మాస్టారుతో ముందు ఫోనులో మాట్లాడి, ఆయన పిల్లలూ మీ పిల్లలూ కలిసి చేసే పనికి ఇక్కడ గ్రాంటు అడిగితే మా కమిటీలాంటివాళ్లు తప్పకుండా రెండోసారి చదువుతారు. టిక్కెట్టు ఖర్చు కంటే ముందు ఆ మాస్టారు పేరు కనిపించాలి దరఖాస్తులో.

దరఖాస్తు రాయబోయే పిల్లలకి ఒకటి రెండు మాటలు. బడ్జెట్‌లో వస్తువులకి సగానికి మించి పెట్టకండి. మీతో మాట్లాడేవాళ్ల సమయానికి డబ్బు పెట్టండి, దుబాసీకి పెట్టండి, రాకపోకలకి పెట్టండి. మొదటి నెల తరవాత మీ ఆలోచన మారొచ్చని దరఖాస్తులోనే రాసి, గళ్ల మధ్య డబ్బు మార్చుకునే అనుమతి ముందే అడగండి. సొంత కార్డు మీద ఖర్చు పెట్టకండి, డిపార్టుమెంటు కార్డు ఉంటుంది, అడిగితే ఇస్తారు. జట్టు వెళ్లిపోయాక ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం ఉన్న దరఖాస్తులు ఏడాదికి రెండో మూడో వస్తాయి, వాటి కోసం నేను కమిటీలో గట్టిగా మాట్లాడతాను.

ఇక తల్లిదండ్రులకి. అది చదువేనా అని అడిగారు కదా, చదువే. ఇరవై ఏళ్లు నిండిన కుర్రాడు పరాయి ఇంట్లో గంటన్నర కూర్చుని, ఫోను చూడకుండా, ఒక పెద్దావిడ చెప్పింది చెప్పినట్టు విని రాసుకొచ్చాడు. మా ఆఫీసులో పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఆ పని చేతకాక మిలియన్ల డాలర్ల సాఫ్ట్‌వేరు ఎవరూ వాడకుండా పడి ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. కాకపోతే ఒక సాయం చెయ్యండి. మీ ఇంటికి ఇలాంటి పిల్లలు వచ్చి మామ్మగారితో మాట్లాడాలని అడిగితే, పక్కన కూర్చుని ఆవిడ బదులు మీరు జవాబులు చెప్పకండి. మేం వెళ్లిన తొమ్మిది ఇళ్లలో ఆరింట్లో జరిగింది అదే. "మా అమ్మకి అన్నీ తెలుసండీ, కరెక్టుగానే వేసుకుంటుంది" అని కొడుకు చెబుతుంటాడు, ఆవిడ మౌనంగా కూర్చుంటారు. పోపుల డబ్బా సంగతి తెలిసింది కొడుకు కాల్ వచ్చి పక్క గదిలోకి వెళ్లిన ఇరవై నిమిషాల్లో.

ఆ స్టిక్కర్ల పని ఈ సెమిస్టరు రెండో జట్టు చేతికొచ్చింది. ఖమ్మం కుర్రాడు డిసెంబరులో గ్రాడ్యుయేట్ అవుతాడు, అంతలోపు ఇంకొకరికి నేర్పాలి. తెలుగు, హిందీ కాక గుజరాతీ, పంజాబీ కూడా కావాలని క్లినిక్ వాళ్లు అడుగుతున్నారు. ఈసారి వచ్చింది మూడు వేలే. అందులో 1,900 మాట్లాడేవాళ్లకీ, దుబాసీలకీ పెట్టాం. గుజరాతీ రాయగలిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, మా ఊళ్లోనే ఉండక్కర్లేదు, కార్యక్రమం వాళ్లకి ఒక ఈమెయిలు పంపించండి, నాకు చేరుస్తారు. గంటకి పద్దెనిమిది డాలర్లు, బడ్జెట్‌లో ఉంది.